పందొమ్మిది మార్కుల సంగతి

ఘుగ్గుస్,
జూలై 14.

సరోజక్కకు,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, అక్సా చదువు ఒక్కటి తప్ప. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేయకుండా కాగితమేమిటని నవ్వుకుంటావు. నీకు చెవులు సరిగా వినిపించవు, నేను గట్టిగా మాట్లాడాలి. మాది రెండు గదుల గని క్వార్టర్. గట్టిగా మాట్లాడితే అక్సాకే కాదు, లైన్‌లో పది ఇళ్ళకూ తెలుస్తుంది. తెలుగులో రాస్తే ఆ భయం లేదు. అక్సాది మొదటి నుంచీ మరాఠీ బడి. తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం గుర్తుపట్టదు. నీ మరిది సుందర్‌రాజ్‌కు చదవడం వచ్చినా ఓపిక లేదు. ఈ కాగితం బల్ల మీద వదిలేసినా తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టే.

సంగతి ఏమిటంటే, అక్సా పదో తరగతి పరీక్ష రాయనంటోంది. మొన్న గణితం పరీక్షలో ఇరవైకి నాలుగు వచ్చాయి. ఆ కాగితం నా చేతికిచ్చి, "అమ్మా, నన్ను వదిలెయ్యి. బోర్డు ఫారం నింప. చంద్రపూర్‌ల పార్లర్ పని నేర్చుకుంట" అంది. కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అంది.

నేను చేయవలసిందంతా చేస్తున్నాను అక్కా. పొద్దున్నే ప్రార్థన చేయించి పుస్తకం చేతికిస్తాను. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా దాని ఎదుట కూర్చుంటాను. టీవీ ముట్టను. మా కాలంలో ఎలా చదివామో చెప్తాను. ముప్పై అయిదేళ్ళకు దేవుడిచ్చిన బిడ్డ, నర్సు అయి నలుగురికి సేవ చేయాలని నా కోరిక. దాని బుర్ర మొద్దేమోనని ఒక్కోసారి భయమేస్తుంది.

మా పక్కింటి లస్మవ్వ కూతురు శ్రావణిదీ అదే తరగతి, అదే సార్లు. లస్మవ్వ బజారులో ఆకుకూరలు అమ్ముతుంది, వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఆ పిల్ల మాత్రం పుస్తకం వదలదు. ఈ చదవాలనే ఆశ పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది? నువ్వు డానియల్‌ను డిప్లొమా దాకా చదివించావు, నీకు తెలిసి ఉంటుంది. రాయి.

నీ చెల్లెలు,
హెలెన్


విరూర్,
ఆగస్టు 2.

హెలెనూ,

పోస్టుమ్యాన్ చేతిలో నీ ఉత్తరం చూసి ఎవరు పోయారో అనుకున్నాను. అక్సా పరీక్ష రాయనన్నదని చదివాక ఊపిరి పీల్చుకున్నాను. బతికి ఉన్నవాళ్ళ సంగతే కదా, చూద్దాం.

డానియల్‌ను ఎలా చదివించావని అడిగావు. పక్కన కూర్చున్నాను, అంతే. వాడు లేస్తే లేచాను, వాడు ఆవులిస్తే మొహం మీద నీళ్ళు చల్లాను. మీ బావ రైల్వే గ్యాంగ్‌లో పని చేసి అలసి వచ్చినా, "మీరు బయట కూర్చోండి, పిల్లగాడు చదువుకుంటున్నడు" అని వాకిట్లో కూర్చోబెట్టాను. నువ్వు ఎదుట కూర్చుంటున్నానన్నావు. ఎదుట కాదు, పక్కన కూర్చో. ఎదుట కూర్చుంటే వాళ్ళు పుస్తకం పైనుంచి నీ మొహం చూస్తారు.

ఇంకొకటి. "మా కాలంలో ఎలా చదివామో చెప్తాను" అని రాశావు. ఏం చెప్తున్నావు? మొన్న డానియల్ మీ ఇంటికి వచ్చినప్పుడు అక్సా వాడితో అన్నదట: "మా అమ్మది ఫస్ట్ క్లాస్ అన్నా, నేను అమ్మలెక్క గాను."

ఏ ఫస్ట్ క్లాస్ చెల్లె అది? బెల్లంపల్లిలో పదో తరగతి లెక్కల్లో పందొమ్మిది మార్కులతో తప్పి, ఆ కాగితం పిండి డబ్బాలో దాచింది నువ్వా, నేనా? రెండోసారి రాసి ముప్పై ఆరుతో గట్టెక్కావు. పిల్లది బుర్ర మొద్దని రాశావు. మరి పందొమ్మిదికి ఏం పేరు పెడతావు?

ప్రార్థనాపరురాలివి. నీకు నేను చెప్పేదేముంది.

అక్క,
సరోజమ్మ


ఘుగ్గుస్,
ఆగస్టు 25.

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. అక్సా కూడా, "ఏమైందమ్మా, పెద్దమ్మ ఏం రాసింది" అని రెండుసార్లు అడిగింది. అందరూ బాగున్నారని చెప్పాను.

నువ్వన్నది నిజం. అక్సా అయిదో తరగతిలో లెక్కలు తప్పి ఏడుస్తూ, "నీకు ఎన్ని మార్కులొచ్చినయ్ అమ్మా" అని అడిగింది. ధైర్యం చెప్దామని నోరు తెరిస్తే, ఫస్ట్ క్లాస్ అన్న మాట వచ్చింది. పందొమ్మిది అని చెప్పి ఉంటేనే దానికి ధైర్యం వచ్చేదేమో. ఇప్పుడు తోస్తోంది. ఆ మాట వెనక్కి తీసుకునే సందు మళ్ళీ దొరకలేదు. ప్రతి ఆదివారం, తెలిసీ తెలియకా చేసిన తప్పులు క్షమించమని అందరితో పాటు నేనూ అంటాను. ఇది తెలిసి చేసిందే. అయినా ఇప్పుడు చెప్తే, "నువ్వే తప్పినవ్, నాకేం చెప్తవ్" అని పరీక్ష పూర్తిగా వదిలేస్తుంది. రాసేదాకా ఆగనివ్వు.

వేరే సంగతి చెప్తాను. లస్మవ్వ ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలని కరివేపాకు నెపంతో వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. లస్మవ్వ గోంగూర తుంచుతోంది. కూతురు బడి నుంచి వచ్చి సంచి దించిందో లేదో అడిగింది:

"గీ పొద్దు సార్లు ఏం జెప్పిండ్రే?"

"కండ్లద్దాలల్ల గాజు ఉంటది గదమ్మా, అది వెలుగును ఎట్ల వంచుతదో చెప్పిండ్రు."

"వెలుగు వంగుతదా? కట్టెనా అది?"

శ్రావణి నవ్వి, నేల మీద గీతలు గీసి చూపించింది. లస్మవ్వ పని ఆపి చూసింది.

"మరి మీ నాయిన అద్దాలు నేను పెట్టుకుంటె నాకు కండ్లు తిరుగుతయ్. ఆయన పెట్టుకుంటె మంచిగ కనవడ్తది. గాజు గదే గద?"

ఆ పిల్ల ఆలోచించి, "నాకు తెల్వదమ్మా" అంది.

"తెల్వకుంటె తెల్సుకో పో. నిన్ను బడికి తోలుతున్నది దేనికి మరి? నేను పోతనా?"

అక్కా, శ్రావణి అప్పుడు పుస్తకం తీసిన తీరు నువ్వు చూడాలి. ఎవరూ చదవమనలేదు. లస్మవ్వ మార్కుల మాటే ఎత్తలేదు. వచ్చేటప్పుడు అడిగాను, మార్కులు చూడవా అని. "నాకు అంకెలు తెల్వయ్ గని, అది చెప్తె సమజైతదా లేదా అదే జూస్త" అంది.

లస్మవ్వకు చదువు రాకపోవడమే ఆ పిల్లకు కలిసొచ్చిందా? అలాగైతే నా పది తరగతులు దేనికి? ఆలోచించి రాయి.

హెలెన్


విరూర్,
సెప్టెంబరు 12.

హెలెనూ,

నీ ఉత్తరం చదివి, మా స్టేషన్‌లో టీ అమ్మే ఆశన్న అద్దాలు తీసుకుని పెట్టుకున్నాను. నాకూ కళ్ళు తిరిగాయి. ఎందుకో శ్రావణిని అడిగి రాయి.

చదువు రాకపోవడం గొప్ప ఏమీ కాదు. చదువురాని తల్లులు ఈ విరూర్ నిండా ఉన్నారు, అందరి పిల్లలూ శ్రావణులు కాలేదు. నాకు అనిపించేది ఇది. దారి తెలిసి కూడా "ఎక్కడికి పోతున్నవ్" అని అడిగేవాడు పోలీసు. దారి తెలియక అడిగేవాడు బాటసారి. లస్మవ్వ బాటసారిలా అడుగుతోంది. మనిద్దరం పోలీసులం.

నువ్వూ ఒకసారి అలా అడిగి చూడు. ఏం జరిగిందో దాచకుండా రాయి. ఫారం ఎప్పటిలోగా నింపాలో కూడా రాయి.

సరోజమ్మ


ఘుగ్గుస్,
అక్టోబరు 20.

అక్కకు,

అడిగాను. అభాసుపాలయ్యాను.

"ఈ రోజు ఏం చెప్పారు అక్సా?" అన్నాను. త్రికోణాలంది. "అవి ఎలా ఉంటాయి?" అన్నాను. అది పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "త్రికోణం ఎట్లుంటదో నీకు తెల్వదా అమ్మా? నువ్వు లస్మవ్వ అత్త లెక్క మాట్లాడుతున్నవ్. బస్ ఝాలా." చాలించు అని మరాఠీలో అనేసి లేచి పోయింది. నీ మరిది వాకిట్లో కూర్చుని నవ్వాడు.

వింత ఏమిటంటే, కొన్నాళ్ళుగా అదే నన్ను అడుగుతోంది. "నీది ఫస్ట్ క్లాస్ గద అమ్మా, గీ లెక్క జెప్పు" అని పుస్తకం పట్టుకుని వస్తుంది. అదీ గణితమే. రెండు తెలియని సంఖ్యలను పట్టుకునే లెక్కలు. పొయ్యి మీద పాలున్నాయని లేచాను. వెనకే వంటింట్లోకి వచ్చి పొయ్యి వైపు చూసింది. పాలు లేవు. పుస్తకం మూసి వెళ్ళిపోయింది. మూడుసార్లు ఇలా జరిగింది.

కానీ దేవుడు ఇంకో వైపు నుంచి తలుపు తీస్తున్నాడని నా నమ్మకం. అక్సా రోజూ సాయంత్రం తనంతట తానే మా తెలుగు ఆరాధన పాటల పుస్తకం ముందు కూర్చుంటోంది. వరుస వరుసకూ వేలు పెడుతుంది, పెదవులు కదుపుతుంది. చదవడం రాకపోయినా ఆ పేజీల ముందు కూర్చోవాలనిపించింది చూడు. భక్తి వచ్చాక బుద్ధి రాకపోదు. కన్నీళ్ళతో వందనాలు చెప్పుకున్నాను.

ఫారం మాత్రం ముట్టలేదు. నవంబరు ఇరవై ఒకటి ఆఖరి రోజు. క్లాసు టీచరు నన్ను పిలిచి, "తల్లివి నువ్వే చెప్పాలి" అంది. చెప్పడమే నాకు రావడం లేదని ఆమెతో ఎలా అనను.

శ్రావణి జవాబు: ఒక్కొక్కరి కంటిలో కూడా ఒక గాజులాంటిది ఉంటుందట. ఆశన్న కంటికి సరిపోయింది నీ కంటికి సరిపోదు.

హెలెన్


విరూర్,
నవంబరు 1.

హెలెనూ,

ఇది వెంటనే రాస్తున్నాను. నువ్వు వందనాలు చెప్పుకుంటూ ఉండు గానీ, కొంచెం ఆలోచించు కూడా. ఆ పిల్ల గణితమే ఎందుకు అడుగుతోంది? సైన్సు ఎందుకు అడగడం లేదు? "నీది ఫస్ట్ క్లాస్ గద" అని ప్రతిసారీ ఎందుకు ముందు పెడుతోంది? నా ఆగస్టు ఉత్తరం ఎక్కడ దాచావు?

ఇంకో మాట. డానియల్ గురించి నీకు ఎప్పుడూ చెప్పనిది. డిప్లొమా ఫలితం వచ్చిన రోజే వాడు మూడేళ్ళ పుస్తకాలనూ కట్టగట్టి పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేశాడు. ఎందుకురా అంటే, "నీ పని అయిపోయింది గదమ్మా" అన్నాడు. నీ పని అన్నాడు, నా చదువు అనలేదు. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలో బుద్ధిగా పని చేస్తున్నాడు, నన్ను బాగా చూస్తాడు. కానీ ఇంట్లో పేపరు కూడా తెరవడు. పక్కన కూర్చోమని నీకు సలహా ఇచ్చినప్పుడు ఇది చెప్పకుండా దాచాను. నేనూ అంతే.

వెళ్ళి అక్సాను అడుగు. పోలీసులా కాదు.

సరోజమ్మ


ఘుగ్గుస్,
నవంబరు 11.

అక్కా,

నువ్వు అనుకున్నదే జరిగింది. నీ ఉత్తరాలన్నీ నేను అలమరలో పాటల పుస్తకం కిందే పెట్టాను. తెలుగు కదా అని మూసి కూడా పెట్టలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అడిగాను. "అక్సా, పెద్దమ్మ ఉత్తరాలు చదివావా?"

"చదివిన."

"నీకు తెలుగు రాదు కదా."

"రాకుండె. ఇప్పుడొస్తది."

ఎలా అని అడిగాను. అక్కా, ఈసారి నాకు నిజంగా తెలియక అడిగాను. దాని మొహం మారిపోయింది. లోపలికి పరుగెత్తి పాటల పుస్తకం, ఒక నోటుబుక్కు తెచ్చింది. మా సంఘంలో పిల్లలెవరికీ తెలుగు చదవడం రాదని పాస్టరుగారి అబ్బాయి ప్రిన్స్ పాటలన్నీ మరాఠీ లిపిలో రాసి పంచాడు. మాటలు తెలుగే, అక్షరాలు మరాఠీవి. అక్సా ఆ నోటుబుక్కు ఒక పక్క, తెలుగు పుస్తకం ఇంకో పక్క పెట్టి, ఒకే పాటను అక్షరం పక్కన అక్షరం పోల్చుకుంటూ పోయింది.

"ముందుగాల సండే స్కూల్ సర్టిఫికెట్ మీద తెలుగుల నా పేరు చూసిన. గా అక్షరాలు పెద్దమ్మ ఉత్తరంల దొరికినయ్. నా గురించే రాసిందని తెల్సింది. నువ్వేమో అందరు బాగున్నరు అంటివి. ఇగ ఎట్ల ఊకుంట? పెద్దమ్మ రాత గలీజుగ ఉంటది, ఒక్క కాగితానికి నెల పట్టింది."

"అందులో ఏం చదివావు?"

"బుర్ర మొద్దు అన్నవని చదివిన. పందొమ్మిది అని చదివిన. తప్పు చదివిన్నేమోనని నాలుగుసార్లు చూసిన. తర్వాత నీ నోటితోనే చెప్పిద్దామని లెక్కలు పట్టుకొచ్చిన. నువ్వు పాలు పాలు అంటివి."

చెప్పాను అక్కా. పందొమ్మిదీ చెప్పాను, రెండోసారి ముప్పై ఆరూ చెప్పాను. బుర్ర మొద్దన్నందుకు క్షమించమని అడిగాను. అది ఏడ్చింది, ఆ తర్వాత కోపం వచ్చింది. "అయిదేండ్ల సంది నీ ఫస్ట్ క్లాస్ నా నెత్తి మీద కూసున్నదమ్మా. నేను ఎవరి బిడ్డనో అనుకునేది" అంది.

నాకు సిగ్గుతో పాటు ఆశ్చర్యం కూడా వేస్తోంది. పుస్తకం ముట్టదని నేను ఏడుస్తున్న పిల్ల, ఎవరూ చెప్పకుండా, ఎవరూ పక్కన కూర్చోకుండా, మూడు నెలల్లో ఒక లిపి నేర్చుకుంది. నా కళ్ళ ముందే నేర్చుకుంది. నేను భక్తి అనుకున్నాను.

ఫారం తీసి ముందు పెట్టాను. అది పక్కకు జరిపి ఒకటే అడిగింది: "తప్పినంక రెండోసారి ఎందుకు రాసినవ్? ఎవరు రాయమన్నరు?"

నాకు గుర్తు లేదక్కా. ఎంత ఆలోచించినా రావడం లేదు. నాన్న అప్పటికే ఇక చాలన్నాడు. మరి ఎందుకు రాశాను? గుర్తు లేదంటే అక్సా నమ్మడం లేదు, మళ్ళీ దాస్తున్నాననుకుంటోంది. "జవాబు చెప్పు, అప్పుడు ఫారం చూస్త" అంటోంది. ఇరవై ఒకటి దగ్గర పడుతోంది. ఫోన్‌లో చెప్పకు, రాయి. తానే చదువుకుంటుందట.

హెలెన్


విరూర్,
నవంబరు 14.

హెలెన్‌కూ, ఈ కాగితం మీద వేలు పెట్టి చదువుతున్న అక్సాకూ,

నా రాత గలీజుగా ఉంటుందట కదా బిడ్డా. ఇదిగో, పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. మూడు కాగితాలు పడితే, ఆ మాట మోసిన మీ అమ్మదే తప్పు.

మీ అమ్మ దాచడం లేదు, మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. మా అమ్మ, అంటే నీ అమ్మమ్మ, గని ఆఫీసులో ఊడ్చే పని చేసేది. అక్షరం రాదు. రొట్టెలకు పిండి తీస్తుంటే ఆ మార్కుల కాగితం చేతికొచ్చింది. పక్కింటి బాపయ్యతో చదివించుకుంది. లెక్కల్లో పందొమ్మిది, ఇంకో పదహారు వస్తే గట్టెక్కేది అని ఆయన చెప్పాడు.

మేం దెబ్బలు పడతాయనుకున్నాం. అమ్మ పిండి చేతులు కడుక్కుని వచ్చి, "రాని పదారు సంగతి నాకెందుకు. వచ్చిన పందొమ్మిది ఏంటియో జూపియ్యి" అంది. మీ అమ్మ పరీక్షలో తను సరిగా చేసిన లెక్కలు సుద్దముక్కతో నేల మీద వేసింది. ఒక్కొక్క దానికీ అమ్మ, "గిదెట్ల వచ్చింది, గదెందుకు కొట్టేసినవ్" అని అడిగింది. చాలాసేపు పట్టింది. నాలుగో అయిదో లెక్కలయ్యాక ఇక లేవు. "గంతేనా? ఇంకేమైన వస్తె జూపియ్యి" అని లేచి రొట్టెలు చేసుకోవడానికి పోయింది.

మర్నాడు మీ అమ్మ ఎవరినో అడిగి లెక్కల పుస్తకం తెచ్చుకుంది. రోజుకొకటి నేల మీద వేసి చూపించేది. ఎవరూ పరీక్ష రాయమనలేదు. రాసేసింది, అంతే. అందుకే గుర్తు లేదు. ఎవరో తోస్తే గుర్తుండేది.

నాకు ఎవరూ అలా చూపించమనలేదు, నేను ఏడో తరగతిలోనే ఆపేశాను. అమ్మ అప్పుడు గని పనికి కొత్త, ఇంట్లో ఉండేది కాదు. తప్పు పట్టడం లేదు, నీకు తెలియాలని రాశాను.

పెద్దమ్మ,
సరోజమ్మ


ఘుగ్గుస్,
ఫిబ్రవరి 8.

అక్కకు,

నీ మూడు కాగితాలూ అక్సా గంటన్నర చదివింది. నన్ను సాయం అడగలేదు. పొద్దున పొయ్యి దగ్గరకు వచ్చి ఫారం నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం చెయ్యి, చేతులు తుడుచుకో" అంది. అంతే.

అప్పటి నుంచి ఏడు గంటలకు నేను ఎదుటా కూర్చోవడం లేదు, పక్కనా కూర్చోవడం లేదు. బియ్యం ఏరుకుంటాను. తనకు వచ్చిన లెక్కలు నోటుబుక్కులో వేసి తెచ్చి చూపిస్తుంది. మా కాలంలో లేని లెక్కలు కొన్ని ఉన్నాయి. ఒక పాచిక వేస్తే ఆరు పడడానికి ఎంత అవకాశముందో లెక్క కట్టాలట. మొదట నాకు నచ్చలేదు. పాచికలతో చదువేమిటన్నాను. తర్వాత నిజంగానే ఒక అనుమానం వచ్చి అడిగాను: "ఏది పడుతుందో దేవుడికి ముందే తెలుసు కదా అక్సా. తెలిసినదానికి అవకాశం లెక్క కట్టడమేమిటి?"

అది ఆ మాటను నోటుబుక్కు అంచున రాసుకుంది. మర్నాడు బడి నుంచి చెప్పులు విప్పకుండానే, "సారును అడిగినమ్మా. ఆయన నవ్విండు. తర్వాత నవ్వలే. ఈ లెక్క తెల్వనోళ్ళ కోసం, తెల్సినోనికి అవసరం లేదన్నడు" అంది. ఆ మాట రెండు రోజులు నా ప్రార్థనలో తిరిగింది.

రోజూ ఇలాగే ఉందనుకోకు. బోర్డుకు ముందు బడిలో పెట్టే ప్రిలిమ్ పరీక్షలో లెక్కల్లో వందకు ముప్పై ఎనిమిది. ఒకరోజు పుస్తకం విసిరేసింది. నేను కూడా ఒకరోజు పాత అలవాటున, "శ్రావణికి ఎన్నొచ్చాయి" అన్నాను. రెండు రోజులు నోటుబుక్కు తేలేదు. మూడో రోజు క్షమాపణ చెప్పాను. ఈ ఏడాది నేను క్షమాపణలు బాగా నేర్చుకున్నాను.

హెలెన్


విరూర్,
మే 30.

హెలెనూ,

ఫలితం ఫోన్‌లో చెప్పావు గానీ సగమే వినపడింది. పాసైందని విన్నాను, లెక్కల్లో యాభై ఒకటి అని విన్నాను. ఆ తర్వాత మా మరిది ఏదో గట్టిగా అన్నాడు, అది వినపడలేదు. మీ లైన్ వాళ్ళందరికీ వినపడి ఉంటుంది, వాళ్ళనైనా అడుగుతాను.

ఇక పదకొండులో సైన్సే కదా? నర్సింగ్‌కు అదే మంచిదంటున్నారు. చంద్రపూర్‌లో ఏ కాలేజీయో రాయి. నీ కోరిక తీరే రోజు వచ్చింది.

సరోజమ్మ


ఘుగ్గుస్,
జూన్ 16.

అక్కకు,

నీకు వినపడనిది ఇది: అక్సా సైన్సు తీసుకోనంది. ఆర్ట్స్ తీసుకుని భాషలు చదువుతానంది. నీ మరిది గట్టిగా అన్న మాట, "భాషలు తిని బతుకుతవా" అని.

నాకూ మనసు విరిగింది. నర్సు తెల్లబట్టల్లో దాన్ని నేను ఎన్నోసార్లు చూసుకున్నాను. దేవుని ముందు పదేళ్ళుగా పెట్టిన కోరిక. లెక్కల్లో యాభై ఒకటి వచ్చింది కదా, ఇప్పుడెందుకు వదులుతావన్నాను. "లెక్కలు వస్తయని తెల్సింది, చాలమ్మా. భయం పోయింది. గని నాకు పొద్దున లేస్తె చూడాలనిపించేది అది గాదు" అంది. చూడాలనిపించేది ఏమిటో నాకు తెలుసు. సెలవుల్లో మా లైన్ చివర దర్జీ వాళ్ళింటికి వెళ్ళి ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటోంది. బజారులో బోర్డులన్నీ కూడబలుక్కుంటూ నడుస్తుంది, లారీ వస్తున్నా చూడదు. నేను చేయి పట్టుకుని లాగాలి.

వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. అడ్మిషన్ ఫారం అలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం నీ మరిది రెండో షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి నన్నే అడిగాడు: "గీ భాషలు చదివి ఏం జేస్తదట?"

సైన్సు తీసుకొమ్మని చెప్పమంటున్నాడని నాకు తెలుసు. చెప్పి ఉంటే అక్సా వినేదేమో కూడా. "నాకు తెలియదు, దాన్నే అడగండి. గట్టిగా కాదు, తెలుసుకునేటట్టు అడగండి" అన్నాను.

ఆయన టిఫిన్ డబ్బా గడప మీద పెట్టాడు. అక్సా నేల మీద కూర్చుని ఉర్దూ రాసుకుంటోంది. దాని చేతి వైపు చూసి, "ఏందే, గది అటు దిక్కు నుంచి రాస్తున్నవ్?" అన్నాడు.

"ఉర్దూ గట్లనే రాస్తరు నాయినా, కుడి దిక్కు నుంచి."

"ఎందుకట్ల? మనమంత ఎడమ నుంచి రాస్తమాయె. వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు గట్ల రాయుమని?"

అక్సా పెన్ను ఆపి ఆయన మొహంలోకి చూసింది. నన్ను చూసినట్టే చూసింది, నాటకమా నిజమా అని. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రాయి మీద ఉలితో చెక్కే కాలంలో చేయి ఎటు ఆడితే అటు రాసేవారని కొందరంటారట, అది నిజమో కాదో ఇంకా ఎవరికీ సరిగా తెలియదట. తన కాగితం మీద రెండు చేతులతోనూ రాసి చూపించింది. ఆయన గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. గని బస్సు హారన్ కొట్టింది. నేను బస్సు వచ్చిందన్నాను. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. బస్సు ఇంకోసారి కొట్టి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన బస్సు తప్పడం నేను చూడలేదు.

చివరికి లస్మవ్వ భర్త మొగిలి స్కూటర్ వెనక ఎక్కాడు. వాకిట్లో నిలబడి చూశాను. స్కూటర్ మలుపు తిరిగేదాకా ఆయన మొగిలి భుజం మీద చేయి వేసి అడుగుతూనే ఉన్నాడు: "అరే మొగిలి, ఉర్దూ అటు దిక్కు నుంచి ఎందుకు రాస్తరో నీకు ఎరికేనా?"

లోపలికి వచ్చి చేతులు తుడుచుకుని, ఆర్ట్స్ ఫారం మీద సంతకం చేశాను.

హెలెన్